కాళ్ళనొప్పీ, విటమిను మాత్రలూ

పిల్లలూ, మీ ఇంట్లో అటకమీదనో, పాతపెట్టెలోనో పదేళ్ళనాటి వార్తాపత్రిక ఉంటే తీసి చూడండి. ఒకప్పుడు తెల్లగా ఉండిన కాగితం పసుపుపచ్చగా మారి ఉంటుంది. అంచు పట్టుకుని వంచితే పుటుక్కున విరుగుతుంది. దాన్ని ఎవరూ పసుపునీళ్ళలో ముంచలేదు, పొయ్యిదగ్గర పెట్టలేదు. మరి ఆ రంగు ఎక్కడినుంచి వచ్చినట్టు?

మా ఊరి పిల్లలు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుని తీరాలి. ఎందుకంటే మా ఊరి పేరులోనే కాగితం ఉన్నది. ఉర్దూలో ‘కాగజ్’ అంటే కాగితం. పూర్వం దీన్ని కొత్తపేట అనేవారు. నిజాం కాలంలో, 1938లో, ఇక్కడ సిర్పూరు కాగితపు మిల్లు ఏర్పడింది. ఆ మిల్లు మూలంగానే కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. 2014లో మూతపడిన ఆ మిల్లు 2018లో మళ్ళీ తెరుచుకున్నది.

కాగితాన్ని వెదురుతోనూ, కర్రతోనూ చేస్తారు. కర్రకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఒకటి ఉన్నది. వార్తాపత్రికలు అచ్చువేసే చౌకరకం కాగితంలో ఈ లిగ్నిన్ చాలావరకు మిగిలిపోతుంది. వెలుతురు తగిలినకొద్దీ, గాలిలో ఉండే ఆక్సిజన్, అంటే ప్రాణవాయువు, ఆ లిగ్నిన్‌తో కలుస్తుంది. అందువల్లనే కాగితం పసుపెక్కుతుంది.

ప్రాణవాయువు చేసే ఇటువంటి మార్పును శాస్త్రజ్ఞులు ఆక్సీకరణం అంటారు. తడి తగిలిన ఇనుపమేకు తుప్పు పట్టటం ఆక్సీకరణమే. కోసిన వంకాయముక్క నల్లబడటం కూడా అదే. అందుకే మీ అమ్మ వంకాయలు కోసి, గాలి తగలకుండా ఉప్పునీళ్ళలో వేస్తుంది.

ఇంట్లో చేయదగిన చిన్న ప్రయోగం ఒకటి చెబుతాను. ఒక ఆపిలుపండును రెండు ముక్కలు చేయండి. ఒక ముక్కమీద నిమ్మరసం పిండండి. రెండవదాన్ని అట్లాగే వదిలివేయండి. అరగంట పోయినాక చూడండి. రసం తగలని ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది. రసం తగిలిన ముక్క దాదాపు ఎప్పటిలాగానే ఉంటుంది. నిమ్మరసంలోని పులుపూ, అందులో ఉండే ‘సి’ విటమినూ కలిసి ఆక్సీకరణాన్ని ఆపినవన్నమాట. ఇట్లా ఆక్సీకరణాన్ని అడ్డుకునే పదార్థాలను ఆక్సీకరణ నిరోధకాలు అంటారు. ‘సి’ విటమిను, ‘ఇ’ విటమిను ఈ జాతికి చెందినవే.

ఇక్కడినుంచే అసలు కథ మొదలవుతుంది.

కాగితం పసుపెక్కినట్టే, ఆపిలు నల్లబడినట్టే, బాగా పరుగెత్తిన మనిషి కండలలో కూడా ఆక్సీకరణం జరుగుతుంది. ఆపిలును నిమ్మరసం కాపాడినట్టు, కండను విటమిను మాత్ర కాపాడుతుంది గదా అని చాలామంది అనుకున్నారు. ఆట ఆడినాక వచ్చే నొప్పి మాత్రతో పోతుందని, అలసిన కండ త్వరగా కోలుకుంటుందని నమ్మారు. మాత్రలు, పొడులు నింపిన రంగురంగుల డబ్బాలు బజారులోకి వచ్చినవి.

తెల్లవారుజామున మైదానంలో పరుగులు తీసే అన్నలనూ, అక్కలనూ మీరు చూసే ఉంటారు. 2022లో ప్రకటించిన తెలంగాణ పోలీసు ఉద్యోగాలకు మగవారు 1600 మీటర్లు, ఆడవారు 800 మీటర్లు పరుగెత్తవలసి వచ్చింది. అటువంటి పరీక్షకు తయారయ్యేవాళ్ళకూ, కబడ్డీ జట్టులోనో ఖోఖో జట్టులోనో కొత్తగా చేరిన పిల్లలకూ, ఎవరో ఒకరు చెవిలో వేస్తూ ఉంటారు: “ఫలానా మాత్రలు వేసుకో, నొప్పులు నీ దగ్గరికి రావు!” ఆ డబ్బాకు పెట్టే సొమ్ము చాలా ఇళ్ళలో పాలకూ, గుడ్లకూ ఖర్చు కావలసిన సొమ్ము. అందుచేత ఈ మాటలో నిజమెంతో పిల్లలే కాదు, తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి.

ముందు ఆ నొప్పి ఏమిటో చూద్దాం.

చాలా రోజుల తరువాత ఆటలాడితే ఆ రోజు ఏమీ ఉండదు. తెల్లవారి లేచేసరికి తొడలూ, పిక్కలూ సలుపుతూ ఉంటవి. రెండవనాడు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మెట్లు ఎక్కటం కన్నా దిగటం కష్టమవుతుంది. మూడు నాలుగు రోజులకు తగ్గుముఖం పట్టి, వారం తిరిగేలోగా నొప్పి పోతుంది. 1902లో బాస్టన్ నగరంలో థియోడర్ హఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఆలస్యపు నొప్పిని శ్రద్ధగా పరిశీలించాడు. అలసట వల్ల అప్పటికప్పుడు పుట్టే నొప్పి వేరనీ, మర్నాడు పుట్టే నొప్పి వేరనీ ఆయన కనిపెట్టాడు. రెండవరకం నొప్పికి కారణం కండలోపల కలిగే అతి చిన్న చిరుగులని ఆయన ఊహించాడు. 1981లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు, మెట్లు దిగే వ్యాయామం చేసినవారి పిక్కలోనుంచి రవంత కండ తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. కండపోగులలో వరసగా ఉండవలసిన గీతలు అక్కడక్కడ చెదిరి కనిపించినవి. హఫ్ ఊహ సరైన దారిలోనే ఉన్నదని తేలింది.

“మరి నొప్పికి కారణం లాక్టిక్ ఆమ్లం అంటారే?” అని మీలో కొందరు అడగవచ్చు. పెద్దవాళ్ళు కూడా చాలామంది ఇదే మాట చెబుతారు. ఆ మాట ఎందుకు పుట్టిందో, ఎట్లా పోయిందో చెప్పాలంటే ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి.

కండలు పనిచేసేటప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుందని వెనకటినుంచీ తెలుసు. కండ పనిచేయటానికి ఆ ఆమ్లమే మూలమని చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మారు. కండలలో పుట్టే వేడిమీద, లాక్టిక్ ఆమ్లం మీద చేసిన పరిశోధనలకే ఇంగ్లండుకు చెందిన హిల్, జర్మనీకి చెందిన మేయర్‌హాఫ్ 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం పంచుకున్నారు.

ఆ మరుసటి సంవత్సరమే, 1923లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువుకోసం అమెరికా చేరాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి వద్ద పనిచేశాడు. 1927లో వారిద్దరూ కండలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. కండ పనిచేసినప్పుడు ఇది విడిపోతుంది, విశ్రాంతి దొరికితే తిరిగి కూడుకుంటుంది. 1929లో కండలలో ఉండే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా చెప్పాలంటే ఏ.టి.పి., అనే పదార్థాన్ని కూడా వారు ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. కండకు శక్తినిచ్చే సొమ్ము ఏ.టి.పి.యే. మీరు కన్ను మూసి తెరిచినా, కబడ్డీలో కూతకు పోయినా ఖర్చయ్యేది అదే. లాక్టిక్ ఆమ్లానికి ఉన్న పెద్దరికం ఈ పరిశోధనలతో పోయింది. ఆట ముగిసిన గంటా గంటన్నరలో అది రక్తంలోనుంచి చాలావరకు వెళ్ళిపోతుందని కూడా తేలింది. అట్లా వెళ్ళిపోయినది ఎల్లుండి వచ్చే నొప్పికి కారణం కాలేదు గదా!

ఈ ఏ.టి.పి. ఎక్కడ తయారవుతుంది? మన శరీరంలోని దాదాపు ప్రతి జీవకణంలోనూ మైటోకాండ్రియాలని అతి చిన్న భాగాలు ఉన్నవి. వాటిని కమ్మరి కొలుములనుకోండి. మనం తిన్న తిండిలోని చక్కెరనూ, కొవ్వునూ పీల్చిన ప్రాణవాయువుతో కలిపి, మంట కనిపించకుండా మండించి, అవి ఏ.టి.పి.ని తయారుచేస్తవి. కమ్మరి సమ్మెటతో కొట్టినప్పుడు నిప్పురవ్వలు లేచినట్టు, ఇక్కడ కూడా రవ్వలవంటివి లేస్తవి. అవి స్థిమితం లేని అణువులు. ఎదురుపడ్డ అణువుతోనల్లా చెలగాటమాడి దాన్ని ఆక్సీకరిస్తవి. వాటిని స్వేచ్ఛా రాశులు అంటారు. కండ మరీ కష్టపడినప్పుడు కణంలో ఇతర చోట్ల కూడా ఇటువంటి రవ్వలు లేస్తవి. 1982లో కాలిఫోర్నియాలో శాస్త్రజ్ఞులు ఎలుకలను అలిసి పడిపోయేదాకా పరుగెత్తించి చూస్తే, వాటి కండలలో ఈ రాశులు రెండు మూడు రెట్లు పెరిగినవి.

ఈ వార్త విన్నవారికి మాత్రలమీద మరింత గురి కుదిరింది. “రవ్వలు ఇల్లు కాల్చుతవి గనక వెంటనే నీళ్ళు చల్లాలి” అనుకున్నారు. ‘సి’ విటమిను కణంలోని నీటిభాగంలో రవ్వలను ఆర్పుతుంది. ‘ఇ’ విటమిను కొవ్వుభాగంలో ఆర్పుతుంది. ఆ సంగతి నిజమే.

కాని శరీరం నిప్పురవ్వలకు భయపడి చేతులు ముడుచుకు కూర్చోదు. ప్రతి కణంలోనూ వాటిని ఆర్పే ఎంజైములు ముందునుంచీ ఉన్నవి. వాటిలో ముఖ్యమైన దాని పనిని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అంతకన్నా చిత్రమేమంటే, ఆ రవ్వలు కీడు ఒక్కటే చేయవు. అవి వార్త కూడా మోస్తవి.

బడిలో బంట్రోతు గంట కొడతాడు. ఆ చప్పుడు చెవులకు ఇంపుగా ఉండదు. అయినా అది వినిపిస్తేనే పిల్లలు బారులు తీరుతారు, ఉపాధ్యాయులు తరగతులకు పోతారు. చప్పుడు బాగాలేదని గంటకు గుడ్డ చుట్టామనుకోండి. చెవులకు హాయిగానే ఉంటుంది, కాని పాఠం మొదలు కాదు. కండలో లేచే రవ్వలు కూడా అటువంటి గంటే. “ఈ మనిషి ఇవాళ చాలా కష్టపడ్డాడు. రేపు మళ్ళీ కష్టపడతాడు. కొలుములు పెంచండి, రవ్వలు ఆర్పేవాళ్ళను పెంచండి, కండపోగులు గట్టిచేయండి” అని అవి కణానికి చెబుతవి. వ్యాయామం చేయగా చేయగా బలం వచ్చేది ఇట్లాగే.

ఇది ఉపమానం మాత్రమే కాదు, మనుషులమీద పరీక్షించి చూసిన విషయం. ఇటువంటి పరీక్షలు ఎట్లా చేస్తారో చెబుతాను వినండి. మనుషులను చీట్లు తీసినట్టు రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు నిజమైన మాత్రలు ఇస్తారు. రెండవ జట్టుకు చూడటానికి అట్లాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇస్తారు. తనకు ఏ మాత్ర వచ్చిందో తినేవాడికి తెలియదు. “మాత్ర వేసుకున్నాను గనక నొప్పి తగ్గింది” అని మనసు మోసపోకుండా ఈ జాగ్రత్త పడతారు. తరువాత రెండు జట్లనూ పోల్చుతారు.

2009లో జర్మనీలో మైకేల్ రిస్టో అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ 39 మంది యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల ‘సి’ విటమిను, 400 యూనిట్ల ‘ఇ’ విటమిను ఇచ్చారు. వ్యాయామం వల్ల శరీరం చక్కెరను బాగా వాడుకోవటం నేర్చుకుంటుంది. మధుమేహం రాకుండా కాపాడే మంచి గుణమిది. మాత్రలు తినని వారిలో ఆ గుణం పెరిగింది. మాత్రలు తిన్నవారిలో అది కనిపించలేదు! శరీరం సొంతంగా పెంచుకోవలసిన రక్షక ఎంజైములకు కూడా మాత్రలు అడ్డు తగిలినవి.

2014లో నార్వేదేశంలో 54 మంది యువతీయువకులు పదకొండు వారాలు ఇటువంటి సాధన చేశారు. మాత్రలు తినని జట్టువారి కండలలో కొలుములు పెరిగిన గుర్తులు కనిపించినవి. తిన్నవారిలో ఆ గుర్తులు పెరగలేదు. ఐతే పరుగుపందెం పెడితే రెండు జట్లవారూ ఒకే విధంగా మెరుగయ్యారు. అందుచేత మాత్రలు పరుగును పాడుచేసినవని చెప్పరాదు. పరుగుకు మేలు చేసినవని అసలే చెప్పరాదు.

మరి నొప్పి సంగతి? 2017లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ తరఫున పండితులు 50 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటన్నిటిలో కలిపి 1089 మంది పాల్గొన్నారు. ఎక్కువ మోతాదులో ఆక్సీకరణ నిరోధకాలు తిన్నా, మర్నాడూ ఆ మర్నాడూ వచ్చే కండలనొప్పి మనిషికి తెలిసివచ్చేటంతగా తగ్గదని వారు తేల్చారు. ఆ పాల్గొన్నవారిలో పదిమందికి తొమ్మిదిమంది దాకా మగవారు. ఎదిగే పిల్లలకు ఆ మాత్రలు పనికివస్తవని చెప్పేందుకు ఆధారమేదీ ఇందులో లేదు.

“పోనీ, మేలు లేకపోతే లేకపోయింది, తింటే నష్టమేమిటి?” అని అడిగేవారున్నారు. నష్టం కూడా ఉండవచ్చు.

భారతదేశంలో పెద్దవయసు మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాముల ‘సి’ విటమిను చాలునని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి నిర్ణయించినవి. 1000 మిల్లీగ్రాముల మాత్ర అంటే దానికి పన్నెండున్నర రెట్లు. శరీరం అంత దాచుకోలేదు. మిగిలినదాన్ని మూత్రంలో పోగొడుతుంది. కొనుక్కున్న విటమినులో పెద్దభాగం కాలవపాలే! ‘సి’ విటమిను మాత్రలు తినేవారిలో మూత్రపిండాలలో రాళ్ళు ఎక్కువగా ఏర్పడినవని, వేలాది పురుషులను పరిశీలించి స్వీడన్ వైద్యులు 2013లో ప్రకటించారు. ‘ఇ’ విటమిను అట్లా కూడా పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది.

ఎక్కువైతే ఎక్కువ మేలు అనే నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది ఫిన్లండు దేశంలో. కారట్లకు రంగునిచ్చే బీటా కెరోటిన్ కూడా ఆక్సీకరణ నిరోధకమే. అది ఊపిరితిత్తుల కాన్సరును తగ్గిస్తుందేమోనని, పొగతాగే 29,133 మంది మగవారిమీద అక్కడ పరీక్ష చేశారు. 1994లో ఫలితాలు చూస్తే, ఆ మాత్రలు తిన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది. కారట్టు తిన్నవాడికి భయం లేదు. దానిలోని ఒక్క పదార్థాన్ని వేరుచేసి, మాత్రగా కట్టి, ఏళ్ళ తరబడి మింగటం మటుకు వేరే సంగతి.

ఆటగాళ్ళు గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. జర్మనీలోని కొలోన్ నగరపు పరిశోధకులు 13 దేశాలలో అమ్మే 634 రకాల పోషక మాత్రలనూ, పొడులనూ పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 94 రకాలలో డబ్బామీద రాయని హార్మోను పదార్థాలు దొరికినవి. పోటీలలో అటువంటివి నిషేధం. ఏ పాపమూ ఎరగని ఆటగాడు కూడా డబ్బాను నమ్మి పట్టుబడవచ్చు. 2024లో మన జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకోసం 17 ఆహారసూత్రాలు ప్రకటించింది. ఒళ్ళు పెంచుకోవటానికి మాంసకృత్తుల పొడులు వాడవద్దని వాటిలో స్పష్టంగా ఉన్నది.

ఐతే పిల్లలూ, ఇదంతా చదివి “మాత్రలన్నీ దండగ” అని మటుకు అనుకోకండి. బడిలో వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర ఇస్తారు గదా! చిన్నపిల్లలకు గులాబిరంగుది, పదేళ్ళు దాటినవారికి నీలంరంగుది. దాన్ని పారేయకూడదు. మన దేశంలో ఎందరో పిల్లలకు రక్తహీనత ఉన్నది. రక్తహీనత ఉంటే కండలకు ప్రాణవాయువు చాలదు. వాళ్ళు పరుగెత్తితే త్వరగా ఆయాసపడతారు, చదువులో కూడా అలసిపోతారు. లోటున్నచోట మాత్ర మందు. లోటు లేనిచోట అదే మాత్ర అదనపు బరువు. అంగన్‌వాడీలో పసిపిల్లలకు వేసే ‘ఏ’ విటమిను చుక్కలు కూడా లోటు తీర్చేవే. లోటున్నదో లేదో చెప్పవలసినది వైద్యుడు, డబ్బామీది బొమ్మ కాదు.

నీలంరంగు మాత్రలోని ఫోలిక్ ఆమ్లానికీ, మనం చెప్పుకున్న సుబ్బారావుగారికీ సంబంధం ఉన్నది. ఆయన యౌవనంలో ఉండగా, స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన అన్నను పొట్టనబెట్టుకున్నది. ఆ దుఃఖం ఆయనను వదలలేదు. 1940లో ఆయన హార్వర్డు విడిచి లెడర్లీ మందుల సంస్థలో చేరాడు. ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వ్యాధి మూలంగా వచ్చే రక్తహీనతకు అది మందయింది. 1948లో ఆయన మరణించాడు. కండకు శక్తి ఎక్కడిదో చూపినవాడే, లోటున్న రక్తానికి విటమినును కూడా అందించాడు.

ఇటువంటి జోడి ఇంకొకటి ఉన్నది. ‘సి’ విటమినును మొదట వేరుచేసిన హంగరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్‌గ్యార్గీ. అది పెద్ద ఎత్తున ఎక్కడ దొరుకుతుందా అని వెతికి వెతికి, చివరకు తన సెగెడ్ పట్టణంలో విరివిగా పండే ఒక రకం మిరపకాయలో దాన్ని పట్టుకున్నాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. తరువాత ఆయన కండలు ఎట్లా ముడుచుకుంటవో పరిశోధించాడు. ‘సి’ విటమినుకోసం ఆయన వెతికిన చోటు చూడండి: కూరగాయల అంగడి!

మన అంగడిలో మటుకు తక్కువేమున్నది? 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ‘సి’ విటమిను ఉంటుంది. ఒక్క జామపండు తిన్న పిల్లవాడికి ఆ రోజు కావలసినది వచ్చినట్టే. ఉసిరికాయలో జామకన్నా ఎక్కువ ఉన్నది. నిమ్మ, బత్తాయి, పచ్చిమిరప, మునగాకు కూడా ఈ విటమినుకు పేరుబడ్డవే. పల్లీలలోనూ, పొద్దుతిరుగుడు గింజలలోనూ ‘ఇ’ విటమిను ఉన్నది. పండులో ఒక్క విటమినే కాదు, పీచూ, నీరూ, మరెన్నో పదార్థాలూ కలిసి ఉంటవి. మోతాదు మించటం కూడా కష్టం. 1000 మిల్లీగ్రాముల మాత్రకు సరిపడాలంటే దాదాపు అరకిలో జామపండ్లు తినాలి. అంతకు ముందే కడుపు “ఇక చాలు” అంటుంది. మాత్ర మింగినప్పుడు కడుపు ఆ మాట అనదు.

చెదిరిన కండపోగులు తిరిగి కట్టుకోవటానికి మాంసకృత్తులు కావాలి. బడి భోజనంలో పెట్టే గుడ్డు, ఇంట్లో చేసిన పెసరపప్పు, కందిపప్పు, పాలు, పెరుగు, చేపలు ఆ పని చేస్తవి. కండకు శక్తి నిలవచేసేది జొన్నరొట్టె, అన్నం. వీటన్నిటికన్నా చౌకైన మందు నిద్ర. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 గంటలు తక్కువ కాకుండా నిద్ర కావాలి. ఆ పైవయసు పిల్లలకు 8 గంటలైనా కావాలి. గాఢనిద్రలో ఉన్నప్పుడే ఎదుగుదల హార్మోను ఎక్కువగా ఊరుతుంది, కండలు బాగుపడతవి. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి, ఉదయం మాత్ర వేసుకునేవాడు తలుపు తీసిపెట్టి కిటికీకి గడియపెట్టినట్టే.

నొప్పిని తగ్గించే మరో ఉపాయం కండకు స్వయంగా తెలుసు. మొదటిసారి బాగా నొప్పి పుట్టించిన వ్యాయామాన్నే వారం పదిరోజుల తరువాత మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువగా వస్తుంది. కండ పాఠం నేర్చుకున్నదన్నమాట. దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒంట్లో బాగున్నప్పుడు మీ వ్యాయామ ఉపాధ్యాయుడు చెప్పినన్ని బైఠకులు తీయండి. మర్నాడూ, ఎల్లుండీ నొప్పి ఎంత ఉన్నదో సున్నానుంచి పదిదాకా మార్కులు వేసి నోటుబుక్కులో రాసిపెట్టండి. పదిరోజుల తరువాత సరిగ్గా అన్నే బైఠకులు తీసి మళ్ళీ మార్కులు వేయండి. రెండు వరసలూ పోల్చి చూడండి.

అందుచేత సాధనను కొద్దికొద్దిగా పెంచాలి. ఆటల పోటీలు ఇంకా రెండు రోజులున్నవనగా ఒక్కసారి మైదానం మీద పడితే పోటీనాడు కాళ్ళు కదలవు. నెలరోజుల ముందే మొదలుపెట్టి, ముందు నడక, తరువాత చిన్న పరుగు, ఆ పైన పెద్ద పరుగు అన్నట్టు పోవాలి. మన జిల్లాలలో ఎండాకాలపు ఎండ మహా చెడ్డది. సాధనను పొద్దెక్కకముందే ముగించాలి. నీళ్ళు తాగుతూ ఉండాలి. నొప్పి ఉన్ననాడు మంచంమీద పడుకోనక్కరలేదు. మెల్లగా నడిస్తే కండలు కాస్త తేలికపడతవి.

ఒక హెచ్చరిక మటుకు పెద్దలు తప్పక గుర్తుంచుకోవాలి. నొప్పి భరించరానంతగా ఉన్నా, కాలో చెయ్యో వాచినా, కీలులో నొప్పి ఉన్నా, వారం దాటినా తగ్గకపోయినా వైద్యుడికి చూపించాలి. బాగా శ్రమపడ్డ తరువాత మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. కండలు మరీ దెబ్బతిని, ఆ పదార్థం మూత్రపిండాలకు అడ్డుపడుతున్నదనటానికి అది గుర్తు. అది మామూలు నొప్పి కాదు.

మామూలు నొప్పి మటుకు శత్రువు కాదు, పాఠం. మీ కండలు నిన్నటికన్నా గట్టిపడే పనిలో ఉన్నవని అది చెబుతున్నది. ఆ పని సాగటానికి కావలసినవి నాలుగు: కడుపునిండా మంచి తిండి, తగినంత నీరు, కంటినిండా నిద్ర, రోజూ కొంచెం కొంచెంగా చేసే సాధన. ఇవి నాలుగూ ఉన్న పిల్లవాడు డబ్బాలోని మాత్రలు లేకుండానే పరుగెత్తగలడు. ఇవి నాలుగూ లేని పిల్లవాడిని ఏ డబ్బా కూడా పరుగెత్తించలేదు.